అగ్గిపుల్ల గీయని ఇల్లు

నిప్పును కనిపెట్టినవాడు గొప్పవాడని అందరూ అంటారు. అది పొరపాటు. నిప్పును పక్కింటి నుంచి తెచ్చుకోవచ్చునని కనిపెట్టినవాడు అంతకంటే గొప్పవాడు.

మొదటివాడు రాయికి రాయి రాపాడించి చేతులు నొప్పి చేసుకున్నాడు. రెండోవాడు కూర్చున్న చోటు నుంచి కదలలేదు. నాగరికత ఈ రెండోవాడితోనే మొదలైందని చరిత్రకారులు ఎందుకు రాయరో తెలియదు. బహుశా వారి ఇళ్ళలో అగ్గిపెట్టెలు ఉండి ఉంటాయి.

అగ్గిపెట్టె! ఈ కాలపు దుబారాకు ఇంతకంటే చిన్న రూపం మరొకటి ఉందా? పాఠకులు ఒక్క క్షణం ఆలోచించండి. ఒక పుల్ల, దానికొక తల. ఒక్కసారి గీస్తే తల పోయింది, పుల్ల పోయింది, మిగిలింది మసి. ఇటువంటి వస్తువును డబ్బిచ్చి కొనే మనిషి తనకు వివేకం ఉందని ఏ ముఖంతో చెప్పుకుంటాడు?

కొత్త పైసలు వచ్చి అణాలు మరుగున పడుతున్న రోజుల్లో, ఆలేరులో, రైలుకట్టను ఆనుకొని ఉన్న ఒక వీధిలో, ఈ వివేకం సంపూర్ణంగా వికసించిన గృహస్థు ఒకడుండేవాడు. పేరు రామచంద్రం. గింజల అడ్తి దుకాణంలో గుమాస్తా.

ఆయనను పిసినారి అన్నవారు లేకపోలేదు. వారికి తత్త్వం తెలియదు. పిసినారి తనకు ఉన్నదాన్ని చూసుకొని మురుస్తాడు. రామచంద్రం తనకు లేనిదాన్ని చూసుకొని మురిసేవాడు. ఈ రెంటికీ ఉన్న భేదం మహర్షులకు తెలుసు, అడ్తి దుకాణంలో వారికి తెలియదు.

ఆ ఇంట్లో గడియారం లేదు. రైలుకట్ట పక్కన ఉంటూ గడియారం కొనడం ఏటి ఒడ్డున బావి తవ్వడం వంటిది. పొద్దుటి ప్యాసింజరు కూత వేస్తే స్నానం, గూడ్సు బండి పోతే భోజనం. బండి ఆలస్యమైన రోజున ఆకలి కూడా ఆలస్యంగానే వేసేది. ఒకసారి వానలకు ఎక్కడో కట్ట తెగి గూడ్సు అసలే రాలేదు. ఆ రోజు ఆ ఇంట్లో మధ్యాహ్నం కాలేదు.

పత్రిక తెప్పించేవాడు కాదు. బెల్లం కట్టి ఇచ్చిన కాగితాన్ని విప్పి, చీమలను దులిపి, శ్రద్ధగా చదివేవాడు. ఇందులో ఉన్న మనశ్శాంతిని గమనించారా? ఆ కాగితంలోని గండాలన్నీ ఎప్పుడో గడిచిపోయి ఉంటాయి. వీధంతా రేపటి ధరలకు భయపడుతుంటే, ఆయన ఇంట్లో ఇంకా నిరుటి వానలే కురుస్తుండేవి.

పంచాంగం కూడా నిరుటిదే. పండుగ ఎప్పుడన్నది వీధిలో భక్ష్యాల వాసన చెప్పేది.

చెప్పులు ఉన్నాయి. వాటిని చంకలో పెట్టుకొని అడ్తి దాకా నడిచేవాడు. గడప ముందు తొడుక్కొని, గడప దాటగానే మర్యాదగా విడిచేవాడు. తోలు అరగలేదు. కాళ్ళు అరిగాయి. అయితే కాళ్ళు కొన్నవి కావు గదా!

ఇవన్నీ కొమ్మలు, రెమ్మలు. వేరు ఒక్కటే. ఆ ఇంట్లో అగ్గిపుల్ల గీయరాదు.

దీనికి ఆయన చెప్పే కారణం వింటే ఎటువంటి దుబారా మనిషికైనా కళ్ళు తెరుచుకుంటాయి. ఒక దీపంతో ఇంకో దీపాన్ని వెలిగిస్తే మొదటి దీపానికి వచ్చిన లోటేమిటి? ఏమీ లేదు. లోకంలో ఇచ్చినకొద్దీ తరగనివి రెండే: జ్ఞానం, నిప్పు. జ్ఞానాన్ని రామచంద్రం ఇస్తాడు. నిప్పును పొరుగువారు ఇవ్వాలి. ఇంతకంటే న్యాయమైన మారకం ఏ అడ్తిలోనైనా జరుగుతుందా?

పొరుగువారంటే అందరూ కాదు. శుక్రవారం నాడు పొయ్యిలోని నిప్పు బయటికి ఇస్తే ఆ నిప్పు వెంట లక్ష్మి వెళ్ళిపోతుందని ఆ వీధిలో హిందువుల నమ్మకం. మనిషికి శుక్రవారం నాడు కూడా ఆకలి వేస్తుంది గనుక, ఆయన బాగా ఆలోచించి వీధి చివరనున్న దర్జీ ఖుద్దూస్ ఇంటిని ఎంచుకున్నాడు. ఖుద్దూస్ భార్య అజీజా బేగంకు ఏ వారమైనా ఒకటే. రాత్రి పొయ్యిలో పిడక మీద నివురు కప్పి, తెల్లవారేదాకా నిప్పును బతికించేది. ఆ ఇంట్లో మంచినీళ్ళు తాగడానికి రామచంద్రానికి ఆచారం అడ్డు వచ్చేది. నిప్పు తెచ్చుకోవడానికి అడ్డు రాలేదు. నిప్పు అన్నిటినీ శుద్ధి చేస్తుంది, ముఖ్యంగా ఖర్చును.

ఇక ఆ నిప్పును తెచ్చేది గోపమ్మ. గోపమ్మ రామచంద్రం భార్య. ఈ సంగతి ముందే చెప్పవలసింది. సిద్ధాంతం చెప్పేటప్పుడు ఆమె ప్రస్తావన రాలేదు.

తెల్లవారుజామున గోపమ్మ ఇనుప గంటె పట్టుకొని వీధి చివరికి నడిచేది. గంటెలో ఒక నిప్పు కణిక, దాని మీద కాస్త నివురు. తిరిగి వచ్చేటప్పుడు రైలుకట్ట మీది నుంచి గాలి ఎదురుకొట్టేది. కణిక ఎగిరిపోకుండా, ఆరిపోకుండా ఎడమ అరచేతిని అడ్డం పెట్టి నడిచేది. ఆ అరచేతిలో గీతలకంటే మచ్చలే ఎక్కువ.

"ఒక ఛాయ్ తాగి పో గోపమ్మా. పొయ్యి మీదనే మరుగుతాంది" అనేది అజీజా బేగం రోజూ.

"వద్దు ఆపా. నిప్పు ఆరిపోతది." గోపమ్మ ఆమెను అక్క వరసలో ఆపా అని పిలిచేది.

"రోజు గదే మాట. జర కూసుంటె నీ సొమ్మేం పోతది?"

"నేను కూసుంటె గిది కూసుంటదా?" అని గంటెను చూపించి గోపమ్మ వెళ్ళిపోయేది.

ఇలా లోకం సవ్యంగా నడుస్తుండగా ఒక వార్త వచ్చింది. ప్రజలకు పొదుపు నేర్పడానికి ఒక వారం కేటాయించారట. ఆ వారంలో శుక్రవారం నాడు పట్నం నుంచి ఒక ఆఫీసరు పొద్దుటి ప్యాసింజరులో దిగుతాడట. ఊళ్ళో ఒక ఆదర్శ గృహాన్ని చూసి, ఆ ఇంట్లో ఉప్మా తిని, ఛాయ్ తాగి, ఇంటి యజమానికి శాలువా కప్పుతాడట. ఏ ఇల్లన్న ప్రశ్నే లేదు. గ్రామసేవకుడు నేరుగా రామచంద్రం అరుగు దగ్గరికి వచ్చాడు.

ఆ రాత్రి రామచంద్రం శాలువా రంగును గురించి ఆలోచించాడు. కప్పుకొంటే మాసిపోతుంది గనుక ఏ రంగైనా ఒకటేనని తేల్చుకొని నిద్రపోయాడు.

మర్నాటి నుంచి సాయంకాలాలు ఆయన అరుగు ఒక పాఠశాల అయింది. వీధి మొత్తం పొదుపు పాటిస్తే, మలుపు దగ్గర ఆగిపోయిన కరెంటు స్తంభాలను లోపలికి జరిపించమని ఆఫీసరు పైకి రాస్తాడని ఎవరో అన్నారు. ఎవరన్నారో తెలియదు. అటువంటి మాటలను ఎప్పుడూ ఎవరో అంటారు. వీధి మాత్రం అగ్గిపెట్టెలు కొనడం మానేసింది. మొగుళ్ళు అరుగు మీద తలలాడించి ఇళ్ళకు పోయారు, భార్యలు గంటెలు పట్టుకొన్నారు.

గురువారం సాయంకాలం దర్జీ ఖుద్దూస్ లేచాడు.

"రామచంద్రం సాబ్, నా ఇస్త్రీ పెట్టెకు బొగ్గుల ఖర్చు మస్తుగైతాంది. దానికేమన్న ఉపాయం చెప్పుండ్రి."

రామచంద్రం కళ్ళు మూసుకొని తెరిచాడు. "మీ ఇంట్ల రాత్రి పొయ్యి కప్పిపెడ్తరు గదా?"

"పెడ్తరు."

"తెల్లారేదాంక ఆ నివురు కింద కాలేది ఎవలి సొమ్ము? మీదే. అందరు పన్నంక అది ఎవలి కోసం కాలుతాంది ఖుద్దూస్ భాయ్? చెంబెడు నీళ్ళు చల్లుండ్రి. పొద్దుగాల ఎండకు పెట్టుండ్రి. ఇస్త్రీకి బొగ్గు తయార్."

"మరి పొద్దుగాల పొయ్యి రాజేసుడెట్ల?"

"పక్కింట్లకెళ్ళి తెచ్చుకోండ్రి."

అరుగంతా శెభాషన్నది, ఆ రాత్రే తమ పొయ్యిల్లోనూ నీళ్ళు చల్లాలనుకున్నది. ఖుద్దూస్ చెయ్యెత్తి సలాం చేశాడు. ఆ పక్కిల్లు ఏదన్న ప్రశ్న ఎవరికీ రాలేదు. సిద్ధాంతం గొప్పదైనప్పుడు చిరునామా ఎవరడుగుతారు?

అరుగు ఖాళీ అయ్యాక గోపమ్మ ఉప్మారవ్వ జల్లించి, అరువు తెచ్చిన గాజు గ్లాసులు కడిగి, మొగుని దగ్గరికి వచ్చింది.

"ఇగో, ఇంటున్నరా? రేపొక్క దినానికి జానయ్య దుకాణంల ఒక అగ్గిపెట్టె తెండ్రి. పట్నం సారు వస్తాండు. నడుమల ఏమన్నయితే ఇజ్జత్ పోతది."

"పొదుపు చూడవచ్చెటాయనకు అగ్గిపెట్టె చూపెడ్తమానే? ఉపాసమున్నోని మూతికి మెతుకులంటినట్టుంటది."

"చూపెట్టుడెందుకు? కొంగుల పెట్టుకుంట."

"సిద్ధాంతం కొంగుల దాసేది గాదు."

"మీ ట్రంకు పెట్టెల ఒకటున్నది గదా. గదన్న ఇయ్యుండ్రి."

"అది ఆపదకు" అన్నాడు రామచంద్రం. ఆ ట్రంకు తాళంచెవి ఆయన మొలతాడుకు ఉండేది. ఎప్పుడో ఒక దీపావళికి వచ్చిన అగ్గిపెట్టె అది. ఒక్క పుల్లయినా గీయకుండా, నూతన వధువులా, ట్రంకు అడుగున చీకట్లో ఉంది.

శుక్రవారం తెల్లవారింది. గోపమ్మ గంటె పట్టుకొని వీధి చివరికి వెళ్ళేసరికి అజీజా బేగం గడపలోనే నిలబడి ఉంది. ఆమె చేతిలో కూడా గంటె ఉంది.

"క్యా కరూఁ గోపమ్మా? మీ ఆయన చెప్పిండని ఈయన రాత్రి పొయ్యిల చెంబెడు నీళ్ళు గుమ్మరిచ్చిండు. ఎవరింట్లనన్న నిప్పు తెచ్చుకుందామని నిలవడ్డ."

"ఎవరింట్ల ఆపా?"

"మీ ఇంట్ల."

ఇద్దరూ ఒకరి గంటెలోకి ఒకరు చూసుకున్నారు. తర్వాత వీధిలోకి చూశారు. ప్రతి ఇంటి ముందూ ఒక ఆడమనిషి. ప్రతి చేతిలో ఒక గంటె. అందరి కళ్ళూ ఇళ్ళ కప్పుల మీద. శుక్రవారమైనా సరే, ఎవరి ఇంటి మీద పొగ లేస్తే వారి ఇంటికి పోవాలని అందరూ చీకటి ఉండగానే వచ్చి నిలబడి ఉన్నారు. పొగ లేవలేదు. ఆ వీధి పుట్టిన తర్వాత ఆకాశం అంత నిర్మలంగా ఎన్నడూ లేదు. పాఠకులారా, పొదుపు పరిపూర్ణమైతే ఇలా ఉంటుంది.

"పొగ మీ ఇంట్ల లేస్తదని మేము, మా ఇంట్ల లేస్తదని మీరు" అన్నది ఎదురింటి ఈదమ్మ. "మొగోళ్ళకు పొదుపాయె. మనకు జాగారమాయె."

"పై వీధికి పోకపోయినవా పిన్నీ?" అన్నది గోపమ్మ.

"పోయిన. శుక్కురారం పూట పొయ్యిల లచ్చిమిని నీ గంటెల పెట్టి పంపాల్నా అని తలుపేసుకున్నరు. టేషన్ కాడి హోటలాయన బోణీ కాలేదన్నడు. ఇంటికో సిద్ధాంతమున్నది బిడ్డా. నిప్పే లేదు."

గోపమ్మ ఇంటికి వచ్చి ఖాళీ గంటెను మొగుని ముందు పెట్టింది.

రామచంద్రానికి శాలువా కళ్ళ ముందు ఒకసారి రెపరెపలాడింది. ఇది ఆపదా, కాదా? కాసేపు తర్కించుకున్నాడు. ఆపదే. మొలతాడు నుంచి తాళంచెవి విప్పి, ట్రంకు తెరిచి, పంచెల అడుగున ఉన్న అగ్గిపెట్టెను రెండు చేతులతో బయటికి తీశాడు.

మొదటి పుల్ల గీశాడు. తల తడి బెల్లంలా పెట్టెకు అంటుకొని ఊడిపోయింది. రెండోది మెల్లగా గీశాడు. అదీ అంతే. తర్వాత గట్టిగా, తర్వాత పక్కకు తిప్పి, తర్వాత దేవుని తలచుకొని గీశాడు. ఎన్ని వానకాలాల చెమ్మ ఆ ట్రంకులోకి దిగిందో! ఆపద కోసం దాచిన వస్తువుకే ఆపద వచ్చినట్టు ఎవరు చూస్తారు? చివరి పుల్ల కూడా అయిపోయేసరికి ఆయన ముందు తలలు లేని పుల్లలు కుప్పగా ఉన్నాయి. ఒక్కటీ కాలలేదు. ఇంత నిష్కళంకమైన పొదుపు ఆయన జీవితంలోనే లేదు.

వీధి మొదట్లోని జానయ్య దుకాణానికి పరుగెత్తాడు. బజారు తెరవడానికి ఇంకా చాలా పొద్దుంది. జానయ్య మాత్రం దుకాణం వెనకే కాపురముంటాడు.

"అగ్గిపెట్టెనా?" అన్నాడు జానయ్య, గుమాస్తాను కింది నుంచి పైదాకా చూసి. "కొనేటోళ్ళేరి? మీరు అరుగెక్కినప్పటి సంది ఒక్కటి పోలే. తెప్పిచ్చుడు బంద్ పెట్టిన."

"మరి నీ ఇంట్ల పొయ్యి?"

"మా ఇంటామె గంటె పట్టుకొని మీ వాకిట్లనే ఉన్నది. చూడలేదా?"

అప్పుడే ప్యాసింజరు కూత వేసింది.

అన్ని రోజుల్లో ఈ రోజే అది సమయానికి వచ్చింది. రామచంద్రం చంకలోని చెప్పులు కింద పడేసి, తొడుక్కొని, స్టేషను వైపు పరుగెత్తాడు. తోలు అరిగింది. ఆయన గమనించలేదు. ఆయన మనసులో ఒక్కటే ఉంది. ఉప్మా లేని, ఛాయ్ లేని, పొయ్యి వెలగని ఇల్లు ఆదర్శ గృహం ఎలా అవుతుంది? ఆఫీసరును స్టేషనులోనే ఎంతసేపు నిలబెట్టగలడు?

ఆఫీసరు దిగాడు. సన్నని మనిషి, తెల్లని ప్యాంటు, చేతి సంచీలో మడిచిన శాలువా అంచు కనిపిస్తున్నది. గ్రామసేవకుడు దండ వేశాడు. ఆఫీసరు దండను సర్దుకొని, జేబులో నుంచి సిగరెట్టు తీసి పెదవుల మధ్య పెట్టుకొని, రామచంద్రాన్ని చూసి చిరునవ్వు నవ్వాడు.

"అగ్గిపెట్టె ఉందాండీ? నేను కొనడం మానేశాను. అడిగితే ఎవరో ఒకరు ఇస్తూనే ఉంటారు."

రామచంద్రం జీవితంలో మొదటిసారి తన సిద్ధాంతాన్ని ఇంకొకరి నోటి నుంచి విన్నాడు. ఎందుకో అది అంత గొప్పగా వినిపించలేదు.

ఆయన పక్కకు చూశాడు. ప్లాట్‌ఫారం మీద గోపమ్మ వస్తున్నది. చేతిలో గంటె. ఆమె వెనక అజీజా బేగం, ఈదమ్మ, జానయ్య భార్య, ఇంకా వీధిలోని ఆడవాళ్ళు. అందరి చేతుల్లో గంటెలు. గోపమ్మ ఆఫీసరును చూడలేదు, మొగుణ్ణి చూడలేదు. నేరుగా బండి ముందుకు, నీళ్ళు పట్టుకొంటున్న ఇంజను దగ్గరికి నడిచింది.

పైన పార పట్టుకొని ఉన్న ఫైర్‌మన్, మసి పూసుకొన్న మొహంతో కిందికి చూశాడు.

"బిడ్డా, జర గింత నిప్పు పెడ్తవా?"

"ఏందమ్మా? ఇది రైలింజను."

"పొయ్యే గద నాయినా. జర పెద్ద పొయ్యి." గోపమ్మ గంటె ఎత్తి పట్టింది. "నీకు శుక్కురారం పట్టింపు గిట్ల లేదు గదా?"

ఫైర్‌మన్ ఒక్క క్షణం ఆ గంటెను, దాని వెనక వరుసను చూశాడు. తర్వాత అతనికి నవ్వు ఆగలేదు. పొయ్యి తలుపు తెరిచి, పారతో ఎర్రటి బొగ్గులు తీసి, గోపమ్మ గంటె నిండా వేశాడు. "ఇంకెవరికి కావాలె? రాండ్రి, రాండ్రి. బండి పోతది" అని కేక వేశాడు. కిటికీల్లో నుంచి ప్రయాణికుల తలలు బయటికి వచ్చాయి. గార్డు పచ్చ జెండా ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తాడు. ఆ పూట ఆ బండి ఎన్ని ఊళ్ళ మధ్యాహ్నాలను ఆలస్యం చేసిందో తెలియదు.

గంటె పట్టుకొని తిరిగి వస్తున్న గోపమ్మకు ఆఫీసరు ఎదురు వచ్చాడు. నడుము వంచి, ఆ గంటెలోని బొగ్గుకు సిగరెట్టు ఆనించి, ముట్టించుకున్నాడు. "అద్భుతం" అన్నాడు పొగ వదిలి.

తర్వాత ఉప్మా అయింది, ఛాయ్ అయింది. అరుగు మీద సభ జరిగింది. ఇంజను బొగ్గుల సంగతి ఆఫీసరు ప్రసంగంలో రాలేదు. పొదుపు అనేది త్యాగమని, త్యాగం ఇంటి నుంచి మొదలు కావాలని ఆయన చెప్పాడు. రామచంద్రం భుజాల మీద శాలువా పడింది. అది ఆకుపచ్చది. రామచంద్రం వెంటనే దాన్ని విప్పి మడత పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇంటి ఇల్లాలు కూడా రెండు మాటలు చెప్పాలి. మీరు ఏం మిగిల్చారమ్మా?" అన్నాడు ఆఫీసరు, తలుపు వైపు తిరిగి.

తలుపు చాటు నుంచి గోపమ్మ గొంతు వినిపించింది.

"నేనేం మిగిలిస్త సారూ? అగ్గిపుల్ల ఆయన మిగిలిచ్చిండు. నేను నడిసిన."

అరుగు మీది మొగుళ్ళు ఒకరి వెనక ఒకరు తలుపు వైపు తిరిగారు.

"ఇగ రేపటి సంది నిప్పు తెచ్చుడు గూడ ఆయననే జేస్తడు సారూ. నేర్పెటోళ్ళు ముంగట నడువాలె గదా."

"అద్భుతం" అన్నాడు ఆఫీసరు మళ్ళీ, చప్పట్లు మొదలుపెట్టాడు. ఖుద్దూస్ అందరికంటే గట్టిగా కొట్టాడు. రామచంద్రం మడిచిన శాలువాను ఒళ్ళో పెట్టుకొని చిరునవ్వు నవ్వాడు. నవ్వడానికి ఖర్చేమీ కాదు గనుక.

శనివారం తెల్లవారుజామున ఆయన గంటె పట్టుకొని వీధి చివరికి నడిచాడు. అజీజా బేగం పొయ్యి మళ్ళీ నివురు కప్పుకొన్నది. ఖుద్దూస్ ఇస్త్రీకి మళ్ళీ బొగ్గులు కొన్నాడు. ఆమె కణిక తెచ్చి గంటెలో వేసి, "ఛాయ్ తాగుతరా భాయ్?" అన్నది.

"వద్దు. నిప్పు ఆరిపోతది" అన్నాడు రామచంద్రం. ఈ మాట తనకు ఎలా వచ్చిందో ఆయనకు తెలియలేదు.

రైలుకట్ట గాలికి నిప్పు దారిలోనే ఆరిపోయింది. వెనక్కి వెళ్ళాడు. రెండోసారి కణిక ఎగిరి దుమ్ములో పడింది. మళ్ళీ వెళ్ళాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి సాబ్" అన్నాడు మిషను ముందు కూర్చున్న ఖుద్దూస్. "ఎన్నిమాట్లన్న రాండ్రి. ఇచ్చినకొద్ది తరిగేది గాదు గదా నిప్పు."

మూడోసారి ఎడమ అరచేతిని అడ్డం పెట్టి తెచ్చాడు. నిప్పు ఇంటికి చేరింది. అరచేతిలో బొబ్బ లేచింది. గోపమ్మ దాన్ని చూసి, గూట్లో నుంచి వెన్న తీసి రాసింది. ఎక్కడ రాయాలో, ఎంత రాయాలో ఆమె చేతికి బాగా తెలుసు. రామచంద్రం ఆ చేతిని చూశాడు. అంతకుముందు చూడలేదని కాదు. అంత దగ్గరగా చూడవలసిన పని పడలేదు.

ఆ వారం గడవకముందే ఆయన అడ్తి నుంచి ఇంటికి వస్తూ ఒక డజను అగ్గిపెట్టెలు తెచ్చాడు. అవును, డజను! దుబారా అనుకొని పాఠకులు తొందరపడవద్దు. ఆ సాయంకాలం అరుగు మీద ఆయన కొత్త సిద్ధాంతాన్ని వివరించాడు. లోకంలో కాలం కంటే విలువైనది లేదు. పొద్దున్నే నిప్పు కోసం వీధి చివరిదాకా నడవడమంటే ఆ విలువైన కాలాన్ని బూడిదలో పోయడమే. నడక మానిపించే అగ్గిపుల్లే నిజమైన పొదుపు.

ఇంత స్పష్టమైన సత్యం ఇన్నేళ్ళూ ఆయనకు ఎందుకు తట్టలేదని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్న కాదు. ఇన్నేళ్ళూ ఆ కాలం ఆయనది కాదు.

కనుక పొదుపును నిందించకండి. అది మహత్తరమైనది. దాన్ని పాటించదలచినవారు ముందుగా నడవగల భార్యను, పొయ్యి ఆరనివ్వని పొరుగును సంపాదించుకోవాలి. ఈ రెండూ లేని అభాగ్యులకు అగ్గిపెట్టెలే శరణ్యం. కరెంటు స్తంభాలు ఇప్పటికీ మలుపు దగ్గరే ఉన్నాయి.

మర్నాడు తెల్లవారుజామున ఆ ఇంట్లో అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినిపించింది. రామచంద్రం పక్కలో పడుకొని విన్నాడు. పొయ్యి రాజుకొన్నది. గోపమ్మ ఎసరు పెట్టి, చేతులు కడుక్కొని, కొంగు సర్దుకొని గడప దాటబోయింది.

"ఏమే, అగ్గిపెట్టె ఇంట్లనే ఉండంగ పొద్దుగాలనే యాడికి?"

"ఆపా ఇంటికి. ఛాయ్ తాగొస్త."

ఆయన లేచి కూర్చున్నాడు. ఆచారం గుర్తుకు వచ్చింది, నోటి దాకా వచ్చింది. ఆమె చేతుల వైపు చూశాడు. గంటె లేదు.

"ఎసరు కాగుతాంది. జర చూసుకోండ్రి" అన్నది గోపమ్మ. "నాకు ఆలిశెమైతది. ఇయ్యాల చేతుల ఆరిపోయేదేం లేదు."